డెల్టా కాలేజీలో ఎలుకల ప్రయోగం: అనుమతి ఎవరిది, ఎలుకలు ఎక్కడివి?

ప్రశ్న: ఎం.ఫార్మసీ విద్యార్థిని, భీమవరం దగ్గర

నమస్కారం. నేను పశ్చిమ గోదావరిలో ఒక ఫార్మసీ కాలేజీలో ఫార్మకాలజీ ప్రధానాంశంగా ఎం.ఫార్మసీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా వైపు చేలగట్ల మీద విరివిగా పెరిగే తెల్ల గలిజేరు ఆకు సారం మధుమేహం మీద ఎలా పనిచేస్తుందో ఎలుకలలో పరీక్షించాలన్నది నా థీసిస్ అంశం. స్ట్రెప్టోజోటోసిన్ ఇంజెక్షన్‌తో ఎలుకలకు మధుమేహం కలిగించి, 28 రోజులు సారం తాగించి, రక్తంలో చక్కెరను కొలవాలి. ఐదు గుంపులు, గుంపుకు ఎనిమిది చొప్పున 40 విస్టార్ (ప్రయోగశాలల కోసం పెంచే తెల్ల ఎలుకల వంశం) ఎలుకలు కావాలని లెక్క వేసుకున్నాను.

చిక్కు ఏమిటంటే, మా కాలేజీ యానిమల్ హౌస్ రిజిస్ట్రేషన్ గడువు తీరిపోయి చాలా కాలమైంది, ఎథిక్స్ కమిటీ కూడా సమావేశం కావడం లేదు. ముందుగా ప్రయోగం మొదలుపెట్టి అనుమతి తర్వాత తెచ్చుకోవచ్చని ఒక సీనియర్ చెప్పారు. పెంపుడు జంతువులు అమ్మే ఒకాయన తెల్ల ఎలుకలను తక్కువ ధరకు ఇస్తానంటున్నారు. పొలాల్లో ఎలుకలు పట్టేవారిని అడిగితే కావలసినన్ని తెచ్చి ఇస్తారని ఇంకొకరు సలహా ఇచ్చారు. ఇవేవీ నాకు సరిగా అనిపించడం లేదు కానీ, సరైన దారి ఏదో చెప్పేవారు ఇక్కడ నాకు లేరు. అనుమతి ఎవరిని అడగాలి, ఎలుకలను ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి, మా కాలేజీలో వీలుకాకపోతే వేరే చోట చేయించుకోవచ్చా అన్నవి తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు 1: పశువైద్యుడు, తణుకు

అమ్మా, మీకు సరిగా అనిపించకపోవడమే సరైనది. ముందు మీ సీనియర్ మాట సంగతి చూద్దాం. ప్రయోగం జరిగిపోయాక దానికి అనుమతి ఇచ్చే అధికారం ఏ కమిటీకీ లేదు. పాత తేదీ వేసి ఇస్తే అది అనుమతి కాదు, అబద్ధపు పత్రం.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో నాలుగో అధ్యాయం పూర్తిగా ప్రయోగాల గురించే. కొత్త విషయాలు కనుగొనడానికి, ప్రాణాలు కాపాడడానికి, రోగాలను ఎదుర్కోవడానికి చేసే ప్రయోగాలు చట్టవిరుద్ధం కావని 14వ సెక్షను చెబుతుంది. వాటిని పర్యవేక్షించే కేంద్ర కమిటీకి 15వ సెక్షను ఆధారం. ఈ కమిటీనే మనం చాలా ఏళ్లు సీపీసీఎస్ఈఏ అని పిలిచాం, ఇప్పుడు దాని పేరు సీసీఎస్ఈఏ. ఇది కేంద్ర పశుసంవర్ధక, పాడి పరిశ్రమ శాఖ కింద పనిచేస్తుంది. దీని కింద 1998లో వచ్చిన నియమాలను 2001లోనూ 2006లోనూ సవరించారు. ఆ నియమాల ప్రకారం రిజిస్ట్రేషన్ లేని సంస్థలో ఒక్క ఎలుక మీద కూడా ప్రయోగం చేయకూడదు.

ఎలుకలు, చుంచెలుకలు, కుందేళ్లు వంటి చిన్న జంతువుల విషయంలో మీ ఫైలు ఢిల్లీ వెళ్లనక్కరలేదు, సంస్థలోని ఎథిక్స్ కమిటీయే అనుమతి ఇస్తుంది. పెద్ద జంతువులైతే కేంద్ర కమిటీ దాకా వెళ్లాలి. సంస్థ కమిటీలో ఎనిమిది మంది ఉంటారు. ఒక జీవశాస్త్రవేత్త, వేర్వేరు జీవశాస్త్ర విభాగాల నుంచి ఇద్దరు, జంతువులను చూసుకునే పశువైద్యుడు, యానిమల్ హౌస్ బాధ్యుడు, ఇంకా బయటి సంస్థ శాస్త్రవేత్త ఒకరు, శాస్త్రవేత్త కాని సామాజిక స్పృహ ఉన్న సభ్యుడు ఒకరు, కేంద్ర కమిటీ నామినీ. చివరి ముగ్గురినీ కేంద్ర కమిటీయే నియమిస్తుంది. నామినీ రాకుండా జరిగిన సమావేశానికి విలువ లేదు. మీ కాలేజీలో కమిటీ ఎందుకు కూర్చోవడం లేదో ఇక్కడే అర్థమవుతుంది, ఎందుకంటే రిజిస్ట్రేషన్ లేనిదే నామినీ ఉండరు.

మీరు నింపవలసింది ఫారం బి, అంటే ప్రయోగానికి అనుమతి కోరే దరఖాస్తు. అందులో చాలామంది విద్యార్థులు మొదటి పేజీల మీద శ్రమపడి, అసలు చోట తేలిపోతారు. ఈ జంతువే ఎందుకు, ఇన్నే ఎందుకు, ఇదే పని ఇంతకు ముందు ఎవరూ చేయలేదని ఎలా తెలుసు, నొప్పిని ఎలా తగ్గిస్తారు, ఏ దశలో ప్రయోగం ఆపేస్తారు, చివరికి జంతువును ఏం చేస్తారు అన్న ప్రశ్నల దగ్గరే కమిటీ ఆగుతుంది. తెల్ల గలిజేరు మధుమేహం మీద పనిచేస్తుందా అన్న విషయంపై ఇప్పటికే ఎన్నో వ్యాసాలు ఉన్నాయి కాబట్టి, మీ పనిలో కొత్తదేమిటో మీరే ముందు తేల్చుకోవాలి. పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే ఎంజైములను మీ సారం అడ్డుకుంటుందో లేదో పరీక్షనాళికలో చూసి, ఆ ఫలితం చేతిలో పట్టుకుని కమిటీ ముందుకు వెళ్లండి. అక్కడే ఏమీ కనిపించకపోతే, ఎలుకల దాకా ఎందుకు వెళుతున్నారన్న ప్రశ్నకు మీ దగ్గర ఇంకో బలమైన కారణం ఉండాలి.

పెంపుడు జంతువుల దుకాణం మాట మరిచిపోండి. ప్రయోగానికి వాడే ఎలుక రిజిస్టర్ అయిన బ్రీడర్ దగ్గర నుంచి రావాలి. దాని వంశం, వయసు, ఆరోగ్య చరిత్ర కాగితం మీద ఉండాలి. పొలం ఎలుక ఇంకా ప్రమాదకరం. మన వరి చేలల్లో తిరిగేవాటిలో పందికొక్కు జాతులే ఎక్కువ, వాటి మూత్రం ద్వారా లెప్టోస్పైరా సూక్ష్మజీవి మనుషులకు సోకుతుంది. దమ్ము చేసిన మడిలో కాళ్లు పెట్టే రైతుకు ఆ జ్వరం ఎలా వస్తుందో, ల్యాబులో దాన్ని చేతితో పట్టుకునే మీకూ అలాగే వస్తుంది. మారుటేరు వరి పరిశోధనా స్థానంలో పొలం ఎలుకల మీద పని జరుగుతుంది కానీ, అక్కడ ప్రశ్నే వేరు: పంటను ఎలా కాపాడాలన్నది. మందు ప్రభావాన్ని కొలవడానికి ఒకే వంశపు ఎలుకలు కావాలి.

ఇంకొక మాట. ఈ చట్టం 20వ సెక్షను కింద కమిటీ ఆదేశాన్ని ఉల్లంఘిస్తే విధించే జరిమానా గరిష్ఠంగా 200 రూపాయలు. 1960లో రాసిన అంకె అలాగే ఉండిపోయింది. అది చూసి ధైర్యం తెచ్చుకునేవారు ఉన్నారు. కానీ 19వ సెక్షను కింద ఆ సంస్థలో ప్రయోగాలనే నిషేధించవచ్చు, అనుమతి సంఖ్య లేని వ్యాసాన్ని పేరున్న పత్రికలు తీసుకోవు, ప్రచురించాక బయటపడితే వెనక్కి తీసుకుంటాయి. ఆ వ్యాసం మీద ఉండేది మీ పేరు, సీనియర్ పేరు కాదు.

జవాబు 2: యానిమల్ హౌస్ టెక్నీషియన్, కాకినాడ

పశువైద్యులు గారు చట్టం చెప్పారు, నేను గది గురించి చెబుతాను. మీ కాలేజీ రిజిస్ట్రేషన్ తిరిగి తెచ్చుకున్నా, మన డెల్టాలో ఎలుకల గది నడపడం హైదరాబాద్‌లో నడిపినట్టు ఉండదని మీ యాజమాన్యానికి ముందే తెలియాలి.

మార్గదర్శకాల ప్రకారం గదిలో ఉష్ణోగ్రత 18 నుంచి 29 డిగ్రీల మధ్య, గాలిలో తేమ 30 నుంచి 70 శాతం మధ్య ఉండాలి. గంటకు 12 నుంచి 15 సార్లు గాలి మారాలి. వెలుతురు 12 గంటలు, చీకటి 12 గంటలు. ఏసీ పెడితే ఉష్ణోగ్రత వస్తుంది, తేమ సంగతే మనకు కష్టం. ఎలుకకు చెమట పట్టదు, తోక ద్వారా ఒంట్లో వేడిని బయటికి వదులుతుంది, అదీ చాలకపోతే ఉమ్మిని బొచ్చుకు పూసుకుంటుంది. మే నెల ఉక్కపోతలో రెండు గంటలు కరెంటు పోయి, జనరేటర్ కూడా రాకపోతే మొదట కనిపించేది అదే: తడిసిన మెడలతో పంజరం మూలల్లో సాగిలపడి ఉన్న ఎలుకలు. ఒకసారి చూశాను. అప్పటి నుంచి మా గదికి రెండు ఏసీలు వంతులవారీగా నడుస్తాయి, జనరేటర్‌ను వారానికోసారి నేనే స్వయంగా తిప్పి చూస్తాను. రొయ్యల చెరువుల దగ్గర ఏరేటర్లకు జనరేటర్ సిద్ధంగా ఉంచుకునే రైతుకు ఉన్నంత జాగ్రత్త కొన్ని కాలేజీలకు ఉండదు.

మీది మధుమేహం ప్రయోగం కాబట్టి ఇంకొక విషయం తప్పక తెలుసుకోవాలి. స్ట్రెప్టోజోటోసిన్ ఇచ్చాక ఎలుకలు విపరీతంగా నీళ్లు తాగుతాయి, విపరీతంగా మూత్రం పోస్తాయి. మామూలు ఎలుకలకు వారానికి రెండుసార్లు పంజరంలో పరిచే పరుపు మారిస్తే సరిపోయేది, వీటికి రోజూ మార్చాలి. లేకపోతే మన తేమలో ఒక్క రాత్రిలో అమ్మోనియా వాసన గది తలుపు దగ్గరే తగులుతుంది. ఆ అమ్మోనియా ఎలుక శ్వాసనాళాలను దెబ్బతీస్తుంది, మీరు కొలిచే ఫలితాలు మందువా, అమ్మోనియావా అన్నది మీకే తెలియకుండా పోతుంది. ప్రోటోకాల్‌లో ఈ పని ఎవరు చేస్తారో రాయండి. చాలామంది రాయరు, ఆ బరువు చివరికి మా మీద పడుతుంది.

పరుపు విషయంలో మాత్రం మనకు అదృష్టం ఉంది. వరి ఊకను ఎలుకల పరుపుగా వాడవచ్చు. మన దగ్గర మిల్లుల ముందు గుట్టలుగా ఉండేది అదే. కానీ మిల్లు నుంచి బస్తా తెచ్చి నేరుగా పోయకూడదు. అందులో ధూళి ఉంటుంది, మిల్లులో తిరిగే ఎలుకల మూత్రం, పెంటికలు ఉంటాయి. జల్లించి, ఆటోక్లేవ్ చేశాకే, అంటే ఒత్తిడితో కూడిన వేడి ఆవిరిలో శుద్ధి చేశాకే వాడాలి. నీటి సంగతి కూడా అంతే. భీమవరం వైపు బోరు నీరు ఉప్పగా ఉంటుంది, సీసాల్లో శుద్ధి చేసిన నీరే పోయాలి. రోజుకు ఎంత నీరు తాగాయో కొలిచే ప్రయోగంలో నీటి రుచి మారితే లెక్క మొత్తం తప్పుతుంది.

శబ్దం గురించి ఎవరూ అడగరు. మనకు వినబడని శబ్దాలు ఎలుకలకు వినిపిస్తాయి, బాధలో ఉన్న ఎలుక పెట్టే దాదాపు 22 కిలోహెర్ట్జ్ కూత పక్క పంజరంలోని ఎలుకకు వినబడుతుంది, మనకు వినబడదు. అందుకే ప్రయోగం చివర ఎలుకను చంపే గది, మిగిలినవి ఉండే గది వేరుగా ఉండాలి. జాతర మైకుల సంగతి ఎంత చెప్పినా తక్కువే. ఆ వారాల్లో ప్రవర్తన పరీక్షలు పెట్టుకోవద్దని మా విద్యార్థులకు ముందే చెబుతాను.

ప్రశ్న వేసిన విద్యార్థిని

ఇద్దరికీ ధన్యవాదాలు. ఊక మాట మా గైడు గారికి చదివి వినిపించాను, ఆయన నవ్వి, పాత యానిమల్ హౌస్‌లో మిల్లు ఊకనే నేరుగా పోసేవారని చెప్పారు. మా కాలేజీ రిజిస్ట్రేషన్ నా థీసిస్ గడువులోగా వచ్చేలా లేదు. కాబట్టి అనుమతి ఉన్న వేరే సంస్థలో చేయాలనుకుంటున్నాను. అలా చేస్తే అనుమతి ఎవరి పేరు మీద వస్తుంది? 40 ఎలుకలు ఎక్కువవుతాయా?

జవాబు 3: పరిశోధక విద్యార్థి, రాజమహేంద్రవరం నుంచి వెళ్లి హైదరాబాద్‌లో ఉంటున్నవాడిని

నేను ఇదే దారిలో వెళ్లాను కాబట్టి చెబుతున్నాను. ఎలుకలు ఏ సంస్థలో ఉంటాయో ఆ సంస్థ ఎథిక్స్ కమిటీయే అనుమతి ఇస్తుంది. అక్కడి అధ్యాపకుడు ఒకరు సహ పరిశోధకుడిగా ఉండాలి, మీ పేరు, మీ గైడు పేరు అదే దరఖాస్తులో రాయాలి. రెండు కాలేజీల మధ్య ఒక ఒప్పందం రాసుకుంటే తర్వాత డేటా ఎవరిదన్న తగవు రాదు. డబ్బు తీసుకుని మొత్తం ప్రయోగం చేసిపెట్టే ప్రైవేటు ల్యాబులూ ఉన్నాయి. అవి కూడా రిజిస్ట్రేషన్ ఉన్నవే అయి ఉండాలి. నా అభిప్రాయం మాత్రం, ఎంత దూరమైనా మీ ఎలుకలకు మందు మీ చేతితోనే తాగించండి. ల్యాబువారు పంపే ఎక్సెల్ షీటులో ఏ ఎలుక ఏ రోజు మందగించిందో ఉండదు.

సంఖ్య గురించి. గుంపులు తక్కువగా ఉన్న ప్రయోగాలకు ఒక తేలికైన లెక్క వాడుకలో ఉంది. మొత్తం జంతువుల సంఖ్య నుంచి గుంపుల సంఖ్యను తీసివేస్తే వచ్చేది 10కి, 20కి మధ్య ఉండాలి. మీ 40లోంచి 5 తీసేస్తే 35. చాలా ఎక్కువ. గుంపుకు ఐదు చొప్పున 25 తీసుకుంటే సరిగ్గా 20 వస్తుంది. అయితే స్ట్రెప్టోజోటోసిన్ ఇచ్చిన ఎలుకల్లో కొన్ని చనిపోవచ్చు, కొన్నింటికి మధుమేహం రాకపోవచ్చు. అందుకని మధుమేహం కలిగించే నాలుగు గుంపులకు ఒక్కొక్కటి అదనంగా కలిపి 29 అని, కారణంతో సహా ముందే రాయండి. మధ్యలో వెళ్లి ఇంకో నాలుగు కావాలంటే మళ్లీ కమిటీ కూర్చోవాలి.

ఆ మరణాలను తగ్గించడం కూడా మీ చేతుల్లో ఉంది. స్ట్రెప్టోజోటోసిన్‌ను చల్లటి సిట్రేట్ బఫరులో, 4.5 పీహెచ్ దగ్గర, అప్పటికప్పుడు కలిపి వాడాలి. ఇంజెక్షన్ ఇచ్చాక క్లోమంలో దెబ్బతిన్న కణాలు ఒక్కసారిగా ఇన్సులిన్ విడిచేయడంతో మొదటి రోజు చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. ఆ రాత్రి తాగడానికి గ్లూకోజ్ కలిపిన నీరు పెట్టాలి. మూడు రోజుల తర్వాత చక్కెర డెసిలీటరుకు 250 మిల్లీగ్రాములు దాటినవాటినే ప్రయోగంలోకి తీసుకోవాలి.

ఎలుకలు ఎక్కడివన్నారు. హైదరాబాద్ తార్నాక దగ్గర జాతీయ పోషకాహార సంస్థలో చాలా పాత ఎలుకల కాలనీ ఉంది, సరఫరాతోపాటు యానిమల్ హౌస్ సూపర్వైజర్లకు, టెక్నీషియన్లకు శిక్షణ కూడా అక్కడ ఇస్తూ వచ్చారు. సహజంగానే స్థూలకాయం వచ్చే ఎలుక వంశం కూడా వారి దగ్గర ఉంది, మీ అంశానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి చదివి చూడండి. హైదరాబాద్ శివార్లలోని జీనోమ్ వ్యాలీలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధనా మండలి) జాతీయ జంతు వనరుల కేంద్రం ఉంది. రిజిస్టర్ అయిన ప్రైవేటు బ్రీడర్లు కూడా ఉన్నారు. మీరు ఏ సంస్థలో చేస్తే ఆ సంస్థ పేరు మీదే ఆర్డర్ వెళ్లాలి, విద్యార్థి పేరు మీద అమ్మరు. డెల్టాలోని సంస్థకు తెప్పిస్తే రాత్రి ప్రయాణం పెట్టుకోండి. గాలి ఆడే పెట్టెల్లో, నీటి సీసాకు బదులు దోసకాయ ముక్కలు వేసి పంపుతారు, సీసాలైతే కుదుపులకు కారి పరుపు తడిసిపోతుంది. వచ్చాక కనీసం వారం రోజులు క్వారంటైన్. ఆ వారం మీ 28 రోజుల లెక్కలోకి రాదు, గడువు చూసుకునేటప్పుడు అది మరిచిపోవద్దు.

జవాబు 4: విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, అమలాపురం

ఒక కాలేజీ ఎథిక్స్ కమిటీలో శాస్త్రవేత్త కాని సభ్యుడిగా కొన్నేళ్లు కూర్చున్నాను. ఇక్కడ అందరూ శాస్త్రం తెలిసినవారే మాట్లాడారు కనుక, నా వైపు నుంచి రెండు మాటలు.

మొదటి సమావేశంలో నాకు సగం మాటలు అర్థం కాలేదు. ఒక దరఖాస్తులో 30 రోజులు రోజూ మందు తాగిస్తామని ఉంది. నేను అడగగలిగిన ప్రశ్న ఒక్కటే: ఆదివారం ఎవరొస్తారు? సంక్రాంతి మూడు రోజులూ ఎవరొస్తారు? ఆ గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ విద్యార్థి హాస్టల్ కుర్రవాడు, పండుగకు ఇంటికి వెళతాడు. సంక్రాంతికి ఎలుకలకు సెలవు ఉండదు గదా. ప్రోటోకాల్ వెనక్కి పంపి, పండుగ తర్వాత మొదలుపెట్టేలా రాసి తెమ్మన్నారు. శాస్త్రం తెలియనివాడికి ఆ కుర్చీ ఎందుకు వేశారో ఆ రోజు నాకు తెలిసింది.

అమ్మా, మీ దరఖాస్తులో ఆపే దశ గురించి స్పష్టంగా రాయండి. ఎలుక బరువు 20 శాతం తగ్గితే, లేక తిండి మానేసి కదలకుండా పడి ఉంటే, ప్రయోగం మిగిలి ఉన్నా సరే దాన్ని బాధ లేకుండా చంపుతామని రాయాలి, అలా చేయాలి. ఎలా చంపుతారు, ఎవరు చంపుతారు, ఆ చేయి ఆ పనిలో శిక్షణ పొందిందా అని నేను తప్పక అడిగేవాడిని. ఇంజెక్షన్ ఇవ్వడం నేర్చుకోవడానికి బతికున్న ఎలుకను వాడతామని ఒకరు రాస్తే, కేవలం చేతివాటం కోసం ప్రయోగాలు చేయరాదని చట్టం 17వ సెక్షనులోనే ఉందని నామినీ గారు చూపించారు. దానికి ఎలుక బొమ్మలు ఉన్నాయి, పుదుచ్చేరిలోని జిప్‌మర్ వైద్య సంస్థలో తయారైన ఎక్స్‌ఫార్మ్ వంటి కంప్యూటర్ పాఠాలు ఉన్నాయి. చనిపోయిన ఎలుకల సంగతి కూడా రాయాలి. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం అవి పసుపు సంచిలో వెళ్లాలి. కాలువలో పారేసిన కథలు మన డెల్టాలో విన్నాను, ఆ కాలువ నీరే దిగువన జనం తాగుతారు.

ఒక పక్క మాట. పైన చెప్పిన పోషకాహార సంస్థ మొదట నీలగిరి కొండల్లోని కూనూరులో ఉండేది, 1958లో హైదరాబాద్ వచ్చింది. కూనూరులో ఉండగా మెకారిసన్ అనే శాస్త్రవేత్త దొర ఎలుకలకు దేశంలోని రకరకాల ప్రాంతాల భోజనాలు పెట్టి చూశాడు. రొట్టె, పాలు, పప్పు, కూరగాయలు తిన్న ఉత్తరాది గుంపు ఏపుగా పెరిగితే, పాలిష్ పట్టిన బియ్యం మీద బతికిన మద్రాసు గుంపు వెనకబడింది. అప్పుడు మన గోదావరి జిల్లాలు మద్రాసులోనివే. నా చిన్నప్పుడు మా అమ్మ దంపుడు బియ్యమే వండేది, నేను మిల్లు బియ్యం కోసం పేచీ పెట్టేవాడిని.

వర్షాకాలంలో ప్రయోగం పెట్టుకుంటే వరద గురించి కూడా ఆలోచించండి. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుపాను చూసినవాడిని. నేల అంతస్తులో ఎలుకల గది ఉన్న సంస్థ అయితే, నీరు వచ్చిన రాత్రి వాటిని పైకి చేర్చే బాధ్యత ఎవరిదో అడిగి తెలుసుకోండి.

ప్రశ్న వేసిన విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. మా గైడు గారు కాకినాడలో తెలిసిన ఒక కాలేజీతో మాట్లాడారు, వారి కమిటీ వచ్చే నెల కూర్చుంటుందట. గుంపుకు ఐదు, అదనంగా నాలుగు, మొత్తం 29 అని మార్చి రాశాను. పరీక్షనాళిక పని ఈ వారమే మొదలుపెడుతున్నాను. ఆదివారాలు, దసరా సెలవుల్లో ఎవరు వస్తారన్న చోట నా పేరు, మా స్నేహితురాలి పేరు రాసి, ఇద్దరం సంతకాలు పెట్టాం. గది రెండో అంతస్తులో ఉందని కనుక్కున్నాను. టెక్నీషియన్ గారూ, ఊకను ఎంతసేపు ఆటోక్లేవ్ చేస్తారు?

యానిమల్ హౌస్ టెక్నీషియన్, కాకినాడ

121 డిగ్రీల దగ్గర అరగంట. కానీ బస్తాతో సహా పెట్టకండి, మధ్యలో ఉన్న ఊకకు వేడి తగలదు. చిన్న గుడ్డ సంచుల్లో సగం వరకే నింపి, సంచికి సంచికి మధ్య ఆవిరి తిరిగేలా పేర్చాలి. తీశాక పూర్తిగా ఆరనిచ్చి, చల్లారిన తర్వాతే పంజరంలో వేయండి. తడి ఊక వేస్తే రెండో రోజుకే బూజు పడుతుంది.